జేజి పడమర

ఈ సంగతి రాసిపెట్టక తప్పని పరిస్థితి నాకు మా ఊరి మసీదు కమిటీ వల్ల వచ్చింది. పోయిన వేసవిలో పాత మసీదు పడగొట్టి కొత్తదానికి పునాది తీశారు. స్తంభాలకు ఇనుప కమ్మీలు నిలబెట్టాక, నమాజులో ముఖం పెట్టాల్సిన దిక్కు, అంటే మక్కా ఉన్న దిక్కు, సరిగ్గా ఎటన్న దగ్గర కమిటీ రెండుగా చీలింది. రెండు వర్గాల చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఫోన్లలో మక్కాను చూపించే బాణాలున్నాయి. బాణాలు రెండూ రెండు వైపులకు చూపిస్తున్నాయి. తగువు ముదిరేసరికి రెండు వర్గాలూ సాక్ష్యానికి నా పేరే వాడుకున్నారు. నేను కుర్రతనంలో విమానం నేర్చుకునే రోజుల్లో మా ఊరి మీద చుట్లు తిరిగి, అంత ఎత్తు నుంచి మక్కా ఎటుందో చూసి, దిగివచ్చి పాత మసీదు దిక్కును సరిచేశానట. కుడికి జరిపించానని ఒక వర్గం, ఎడమకు జరిపించానని ఇంకో వర్గం.

బతికున్న మనిషి మీద కట్టుకథ పుడితే ఒక ఇబ్బంది ఉంది. కాదని చెబితే వినయమనుకుంటారు. కమిటీ కార్యదర్శి ఖాజా నెల్లూరులో మా ఇంటికి వచ్చి ఈ కథ నాకే చెప్పినప్పుడు, అదంతా అబద్ధమన్నాను. అతను పక్కనున్న కుర్రవాడి వైపు తిరిగి, “చూసినావా, పెద్దోళ్ళు చేసింది చెప్పుకోరు” అన్నాడు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. నేను ఏ మసీదు దిక్కునూ సరిచేయలేదు. ఆ మసీదే నన్ను రెండుసార్లు పరీక్ష తప్పించింది. అసలు జరిగింది అదీ.

మా ఊరు బోగోలు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉంటుంది. రైలు దిగవలసింది బిట్రగుంటలో. మా నాయన దూది ఏకేవాడు. పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టేవాడు. ఇంటి ముందుగది అంతా దూదే. బూరుగు దూదిని ఎండకు వేసి తెచ్చినప్పుడు ఒక పొడి వాసన వచ్చేది. పాత పరుపు విప్పినప్పుడు వచ్చే వాసన వేరు, అది ఎవరెవరివో నిద్రల వాసన. నాయన దూది ఏకే విల్లు తాడును మీటుతుంటే ట్యాం ట్యాం అనే మోత పొద్దున మొదలై పగలంతా ఉండేది. మేమంతా దానికి పైగా మాట్లాడుకోవడం నేర్చుకున్నాం కాబట్టి మా ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి లేస్తుంది. అప్పుడు తూర్పు తలుపు వెయ్యకపోతే ఏకిన దూది అంతా పైకి లేచి గదిలో మనిషికి మనిషి కనబడడు. కనుబొమల మీద, అన్నం మీద, పులుసులో చేపముక్క మీద సన్నటి నూగు వాలేది. మా అమ్మ దాన్ని వేలితో తీసేసి ఏమీ జరగనట్టు వడ్డించేది. బయటివాళ్ళ ఇళ్ళలో అన్నం మరీ బోడిగా ఉంటుందని నాకు చిన్నప్పుడు అనిపించేది.

ఆ ఇంటికి పెద్ద మా జేజి, నాయన తల్లి. ఆమె కళ్ళకు పొర కమ్మింది. వెలుతురు తెలిసేది, మనుషులు మసగ్గా తెలిసేవారు. అందువల్ల ఆమె లోకాన్ని దిక్కులతో కట్టుకుంది. కుడి, ఎడమ అనే మాటలు మా ఇంట్లో చేతులకు తప్ప దేనికీ వాడేవారు కాదు. ఉప్పు తూర్పు గూట్లో ఉండేది, చెంబు దక్షిణపు గడప దగ్గర. మంచం జరపాలంటే “పడమటి కోడు ఎత్తురా” అనేది. అన్నిటికంటే ముఖ్యమైనది పడమర. చాప పరచవలసింది అటు, కాళ్ళు చాపకూడనిది అటు, ఉమ్మకూడనిది అటు. మసీదు ఎటు చూస్తుందో మా ఇంటి పడమర గోడ కూడా అటే చూస్తుంది. ఇల్లు కట్టినవాళ్ళు మసీదును చూసి కట్టుకున్నారు. మసీదు కట్టినవాళ్ళు దేన్ని చూసి కట్టారో అడగాలని ఎవరికీ తోచలేదు. ఊళ్ళో అందరూ దాన్ని పడమర అనే అనేవారు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ జేజికి పడమర చూపించే పని నాది. ఇంట్లో అయితే గోడ ఉంది. ప్రయాణాల్లోనే కష్టం. నెల్లూరు దర్గాకు పోయేటప్పుడు రైల్లో సాయంత్రం నమాజు వేళ అయ్యేసరికి ఆమె బల్ల మీద కూర్చునే, “పడమర ఎటురా అబ్బయా” అని అడిగేది. నేను ఆమె భుజాలు పట్టి తిప్పేవాణ్ణి. రైలు వంపు తిరిగితే మళ్ళీ కాస్త తిప్పేవాణ్ణి. ఒకసారి ఎదురుబల్ల మీది పెద్దమనిషి నమ్మలేక నా కళ్ళకు తువ్వాలు కట్టి, గిరగిరా తిప్పి, ఇప్పుడు చెప్పమన్నాడు. చెప్పాను. పెట్టెలో ఉన్నవాళ్ళంతా మెచ్చుకున్నారు. నిజానికి అందులో మహిమ లేదు. మా చాప మీద ఆ వేళకు నిలబడితే ఎండ నా ఎడమ కణత మీద పడుతుంది, ఎడమ కన్ను కాస్త చికిలించుకోవాలి. రైల్లోనైనా ఎక్కడైనా ఎండ ఆ చోట తగిలేదాకా తిరిగి ఆగేవాణ్ణి. ఎలా తెలుస్తోందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. జేజి మాత్రం పెట్టెలో అందరికీ వినపడేలా, “వీడుండగా నేను దిక్కులేనిదాన్ని ఎట్టయితా” అంది.

నా చదువు ఎస్సెల్సీ దాకా బడిలో, ఆ తర్వాత కావలి గ్రంథాలయంలో సాగింది. రెండో చదువే నాకు పనికొచ్చిందని ఇప్పటికీ చెబుతాను. గ్రంథపాలకుడు సుబ్బరామయ్య గారు పుస్తకం ఇచ్చేముందు చేతులు చూపించమనేవారు, నా వేళ్ళ మీది దూది పుస్తకాల్లో చేరుతోందని. అక్కడ బీరువా అడుగున అట్టలూడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది, విమానాలకు దారి కట్టే విద్య గురించి. నిఘంటువు పక్కన పెట్టుకుని దాన్ని ఆసాంతం చదివాను. ఆసాంతం అంటే ఉన్నంతవరకు. చివరి పుటలు చిరిగిపోయినందువల్ల విమానం ఎలా దించాలో మాత్రం నాకు చాలాకాలం తెలియలేదు. తర్వాత అదే గ్రంథాలయంలో పేపరు చదువుతుంటే విమాన శిక్షణకు ప్రభుత్వ ఉపకార వేతనం ప్రకటన కనబడింది. పరీక్షకు వెళ్ళినవాళ్ళలో గాలి పీడనం గురించి అడగని సంగతులు కూడా చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. మద్రాసు ఫ్లయింగ్ క్లబ్బులో చోటు దొరికింది. ఏమి చదవబోతున్నానని జేజి అడిగితే విమానం తోలడం అన్నాను. ఎండన పడి పనిచేసేదా, నీడనా అని అడిగింది. నీడనే అన్నాను. సరే పొమ్మంది.

కమర్షియల్ లైసెన్సు వచ్చింది. కానీ అప్పట్లోనూ ఇప్పట్లాగే ఆ లైసెన్సుతో ఎయిర్‌లైన్ గుమ్మం దాటలేరు. దానిమీద ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అనే అర్హత ఉండాలి. మబ్బులో, బయట ఏమీ కనబడనప్పుడు, ముందున్న ముళ్ళనూ అంకెలనూ మాత్రమే నమ్మి విమానం నడపగలడని రుజువు చేసే అర్హత అది. అది లేకపోతే మిగిలేది పొలాల మీద పురుగుమందు చల్లే విమానం. మందు చల్లేవాడు చెట్లకంటే కాస్త పైన, మంచి ఎండలో, కళ్ళు తెరుచుకుని తోలాలి, మబ్బుతో పని లేదు. గౌరవమైన పనే. కానీ నాకు మబ్బుల్లోంచి పోయే విమానం కావాలి. ముందుగదిలో దూది లేచినప్పుడల్లా నేను ఆడుకున్న ఆట అదే.

మాకు ఆ విద్య నేర్పినవారు వరదన్ గారు, అరవంలో ఆలోచించి తెలుగులో తిట్టేవారు. తల మీదుగా ముందుకు వంగిన ఒక గూడులాంటి ముసుగు పెట్టేవారు. బయటి ఆకాశం కనబడదు, ముందున్న పలక మాత్రం కనబడుతుంది. సెలవులకు వచ్చినప్పుడు జేజికి ఇది వివరిస్తే, “గానుగెద్దుకు గంతలు కట్టినట్టా” అంది. అంతే అన్నాను. ఎద్దుకైతే తిరిగే చోటు గుంత పడి ఉంటుంది కదా, ఆకాశంలో ఎట్లా అని అడిగింది. అది మంచి ప్రశ్నే. వరదన్ గారు మొదటి రోజు నుంచీ చెప్పే పాఠం ఒకటే: ఒళ్ళు అబద్ధం చెబుతుంది, ముల్లు నిజం చెబుతుంది. మబ్బులో విమానం వాలిపోతున్నా నిటారుగా కూర్చున్నట్టే ఉంటుంది. లోపలి చెవిలోని ద్రవం వల్ల అలా జరుగుతుందని నేను అంతకుముందే చదివి ఉన్నాను. తోటి విద్యార్థులకు టీ కొట్టు దగ్గర బల్ల మీద నీళ్ళు ఒలికించి మరీ విడమరిచేవాణ్ణి. విన్నవాళ్ళంతా మొదటిసారే పాసయ్యారు.

పరీక్షలో ఒక భాగం ఇలా ఉంటుంది. పరీక్షాధికారి ముఖ్యమైన పరికరాల మీద కాగితం అంటించి కప్పేస్తాడు, అవి చెడిపోయాయనుకోమంటాడు. మిగిలేవి వేగం, ఎత్తు, విమానం ఎంత వడిగా తిరుగుతోందో చూపే ముల్లు, గడియారం, ఊగుతూ ఉండే ఒక చిన్న దిక్సూచి. ఫలానా దిక్కుకు తిప్పమంటాడు. ఒక నిర్ణీత వడితో తిప్పుతూ గడియారం చూసి ఆపాలి. ఉత్తరం నుంచి పడమరకు అయితే అర నిమిషం. అంతే పని. నా మొదటి పరీక్ష ఉగాదికి ముందు రోజుల్లో, సాయంత్రం జరిగింది. పులికాట్ సరస్సు మీద ఎగురుతున్నాం, కింద శ్రీహరికోట ఉంది. అప్పటికి అక్కడ రాకెట్లు లేవు, సరుగుడు తోటలే. ఉత్తరం నుంచి ఎడమకు పడమరకు తిప్పమన్నాడు. తిప్పాను. ముసుగు ముందుచూపును కప్పుతుంది గానీ పక్క అద్దంలోంచి పడే ఎండను కప్పదు. ఆ వెచ్చదనం నా బుగ్గ మీదుగా జరుగుతూ వచ్చి కణత మీద సరైన చోట నిలవగానే ఆపేశాను. గడియారం ఇంకా కొంచెం ఉందంటోంది. దిక్సూచి కూడా పడమరకు ఇంకా పదిహేను డిగ్రీలు తక్కువ అంటోంది. కానీ సముద్రపు గాలికి విమానం ఎగిరిపడుతున్నప్పుడు ఊగే దిక్సూచిని వెంటనే నమ్మరాదని నేను చదివి ఉన్నాను. నమ్మలేదు. తప్పాను.

రెండో పరీక్ష కొన్ని వారాలకే, అదే వేళకు. ఈసారి దక్షిణం నుంచి కుడికి పడమరకు తిప్పమన్నాడు. గడియారం ఆగమన్నప్పుడు ఇంకా కొంచెం ఉందనిపించింది. ఎండ చోటుకు రాలేదు. వచ్చాక ఆపాను. పదిహేను డిగ్రీలు దాటిపోయాను. మళ్ళీ తప్పాను. క్లబ్బులో నియమం ఏమిటంటే మూడోసారి కూడా తప్పినవాడికి ఈ రేటింగ్ కోసం విమానం మళ్ళీ ఇవ్వరు. వరదన్ గారు నన్ను షెడ్డు వెనక నీడలోకి పిలిచారు. తిడతారనుకున్నాను. ఆయన చేతిలో సుద్దముక్క ఉంది. గోడ మీద ఒక సున్నా చుట్టి, అందులో రెండు బాణాలు గీశారు.

“ఏమప్పా మస్తాన్. మొదటిసారి ముందే ఆగినావు. రెండోసారి దాటిపోయి ఆగినావు. కానీ ఆగింది ఒకే చోట. తెలియనివాడు తప్పు చేస్తే ఒక్కోసారి ఒక్కోచోట చేస్తాడు. ఇక్కడ నీకు ఎవరున్నారు?”

“ఎవరూ లేరు సార్. అది పడమర.”

“అది పడమర కాదు. నీకు పడమర ఎవరు నేర్పించినారు?”

“మా జేజి.”

ఆయన జేబులోంచి చిన్న ఇత్తడి దిక్సూచి తీసి నా చేతిలో పెట్టారు. “ఊరికి పోయి మీ జేజిని కొలిచి రా” అన్నారు.

మర్నాడు బిట్రగుంటలో దిగి నడిచి ఇంటికి పోయాను. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. మా అమ్మ అన్నం పెట్టింది, నూగు తీసింది. తిన్నాక చాప పరచి, తల పెట్టే అంచున దిక్సూచి ఉంచాను. ఇనుము దగ్గరుంటే ముల్లు పక్కకు లాగుతుందని చదివాను కాబట్టి ముందుగా నాయన దబ్బనాలూ కత్తెరలూ దూరంగా పెట్టించాను. ఆయనకు అది నచ్చలేదు. ముల్లు కుదురుకున్నాక చూశాను. సరిగ్గా పడమర అంటే రెండు వందల డెబ్బై డిగ్రీలు. మా చాప రెండు వందల ఎనభై ఐదును చూస్తోంది. మసీదు వరండాలోకి పోయి అక్కడా పెట్టి చూశాను, అక్కడా అంతే. నేను మసీదులో నేల మీద వంగి ఇత్తడి డబ్బీలోకి చూడటం నలుగురు చూశారు. ఈ రోజు నేను మోస్తున్న కట్టుకథకు విత్తనం అక్కడే పడిందని నా అనుమానం.

ఇంటికి వచ్చేసరికి జేజి డబ్బీని చేతులతో తడుముతోంది.

“ఏందిరా ఇది, టిక్కు టిక్కు అనకుండా ఉండాది?”

“దిక్సూచి జేజీ. దిక్కు చెప్తాది.”

“నువ్వు చెప్తావు గదా. మళ్ళా ఇదెందుకు?”

చదువుకున్నవాడి తొందరతో చెప్పేశాను. “మన పడమర పడమర కాదు జేజీ. ఉత్తరానికి జరిగి ఉండాది.”

ఆమె డబ్బీ కింద పెట్టింది. ఆ కళ్ళతో నా వైపు కాక గోడ వైపు చూసింది. “అయితే ఇన్నేళ్ళు నేను ఎవురి పక్కకు తల వంచినట్టురా?”

ముందుగదిలో విల్లు ఆగింది. దిండు సగంలో ఉండగా నాయన విల్లు ఆపడం నేను అంతకుముందు చూడలేదు. గుమ్మంలోకి వచ్చి, “రేపు కావలికి పో. ఆ పుస్తకాలాయన్ని అడిగి తెలుసుకోని రా. తెలవకుండా ఇంట్లోకి రాబాక” అన్నాడు. మళ్ళీ విల్లు మొదలైంది. ఆ సాయంత్రం జేజి నన్ను పడమర ఎటని అడగలేదు. తనే చాపను పాత చోటనే పరుచుకుంది. నిలబడింది. మొదలుపెట్టకుండా చాలాసేపు అలాగే నిలబడి ఉంది. నేను పరీక్ష రెండుసార్లు తప్పిన సంగతి నాకు ఆ కాసేపు గుర్తులేదు.

సుబ్బరామయ్య గారు విషయం విని నవ్వలేదు. ఆయన గ్రంథాలయంలో దేనికీ నవ్వేవారు కాదు. పెద్ద గ్లోబు దించి తుడిచారు. నా దగ్గర బొంతలు కుట్టే దారం ఉంది. దాని ఒక కొన నెల్లూరు తీరం మీద ఆయన పట్టుకున్నారు, ఇంకో కొన మక్కా మీద నేను పట్టుకున్నాను, బిగించాం. దారం మా తీరం విడిచేటప్పుడే పడమర గీతను వదిలి ఉత్తరానికి ఒరిగి పోతోంది. మక్కా మనకంటే ఉత్తరాన ఉంది. ఇది ఎవరైనా పటం చూసి చెప్పగలిగేదే, ఎవరమూ చూడలేదు. సరిగ్గా పడమరకే పోతే మక్కాకు చాలా దక్షిణంగా ఎర్రసముద్రం అడుగు కొసన తేలతాం. ఆయన బడిపిల్లల కోణమానిని ఆనించి రెండు వందల ఎనభై ఆరు అన్నారు. దారం లావుకింద ఒక డిగ్రీ తీసేసుకున్నాం.

“మీ మసీదు తప్పు లేదయ్యా” అన్నారు సుబ్బరామయ్య గారు గ్లోబు ఎత్తి పెడుతూ. “మీరు దానికి పెట్టుకున్న పేరే తప్పు. పడమర అనకుండా ఉంటే సరిపోయేది.”

ఇంటికి పోయి ఇదంతా జేజికి వినిపించాను. గ్లోబుకు బదులు చెంబు, అదే దారం. చెంబు మీద ఆమె వేలిని దారం వెంబడి నడిపించాను. ఆ చివర దాకా వచ్చి వేలు ఆపుకుంది.

“అయితే తప్పు నీది” అంది.

“నాదే జేజీ.”

“తప్పు తిప్పలేదని ఆ సర్కారాయనకు చెప్పు.”

“ఆయన పడమర అడిగినాడు జేజీ. మక్కా అడగలేదు.”

జేజి ఆలోచించింది. “అడగాల్సింది” అంది.

మద్రాసు పోయి, దిక్సూచి తిరిగి ఇస్తూ వరదన్ గారికి లెక్క అప్పగించాను. పడమర కోసం ఇక ముఖాన్ని అడగవద్దని, గడియారాన్నే అడగమని ఒక్క మాట చెప్పి, ఆ తర్వాత నెలల తరబడి ఆ ఒక్కటే చేయించారు. ముఖం మాట వినకుండా ఉండటం నేర్చుకోవడం విమానం నేర్చుకోవడంకంటే కష్టమైంది. మధ్యలో క్లబ్బువాళ్ళు విమానం ఇంజను విప్పి కూర్చున్నారు. మూడో పరీక్ష వచ్చేసరికి ఈశాన్యపు వానలు పట్టాయి. ఆ రోజు ముసుగు అవసరమే లేకపోయింది. సముద్రం మీంచి వచ్చిన మబ్బులోకి దూరగానే అద్దాలన్నీ మా ముందుగదిలాగా తెల్లబడ్డాయి. ఎండ లేదు కాబట్టి పని సులువనుకున్నాను. పరీక్షాధికారి కాగితాలు అంటించి, దక్షిణం నుంచి పడమరకు అన్నాడు.

తిప్పడం మొదలుపెట్టాను. గడియారం ముల్లు నడుస్తోంది. అర నిమిషం నిండింది, రెక్కలు సమం చేశాను. అప్పుడు లేని ఎండ నా ముఖానికి తగిలింది. మబ్బు మధ్య, సూర్యుడు ఎక్కడున్నాడో తెలియని చోట, కణత మీద కాకుండా ముక్కుకు ఎదురుగా తగిలింది. ఇంకా తిరగాలి, ఇంకొంచెం, అని ఒళ్ళంతా చెప్పింది. ఇంట్లో అందరూ ఒక పక్కకు తిరిగి నిలబడితే నేనొక్కణ్ణే వేరే పక్కకు తిరిగి నిలబడ్డట్టుంది. జేజి గోడ వైపు చూస్తూ నిలబడ్డ సాయంత్రం గుర్తొచ్చింది. చేతులు కదపలేదు. దిక్సూచి ఊగి ఊగి రెండు వందల డెబ్బై దగ్గర ఆగింది. పరీక్షాధికారి దాన్ని చూశాడు, గడియారాన్ని చూశాడు, తర్వాతి పని చెప్పాడు. మిగిలిన పరీక్ష అంతా తప్పు దిక్కుకు పోతున్నానన్న గట్టి నమ్మకంతోనే నడిపాను. పాసయ్యాను. సొంతంగా దిక్కు తెలియనివాడినని ప్రభుత్వం నాకు ధ్రువీకరించినట్టయింది.

దిగాక వరదన్ గారు, “పడమర దొరికిందా?” అని అడిగారు.

“దొరికింది సార్. ఏమీ బాగాలేదు” అన్నాను. ఆయన నన్ను ఎన్నడూ మెచ్చుకోలేదు గానీ ఆ రోజు టీ ఇప్పించారు.

ఎయిర్‌లైన్‌లో చేరే ముందు, మళ్ళీ ఎండలు మొదలయ్యే రోజుల్లో, నెల్లూరులో జేజి కళ్ళకు ఆపరేషను జరిగింది. అప్పట్లో ఆ ఆపరేషనంటే రోజుల తరబడి రెండు కళ్ళకూ కట్టు కట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, తల కదిలించవద్దనేవారు. నేను పోయేసరికి జేజి ముసుగు కింద ఉంది. వార్డు నిండా ఇనుప మంచాలు, ఫినాయిలు వాసన, ఎవరో వలుచుకుంటున్న నారింజపండు వాసన. సాయంత్రపు ఎండ కిటికీలోంచి మంచాల మధ్యకు పడుతోంది. నా చెయ్యి పట్టుకుని, వేళ్ళ మీద దూది లేదని గుర్తుపట్టి, నేనేనని తెలుసుకుంది. నమాజు వేళ అయిందని, ఈ ఇంట్లో గోడ ఎటుందో ఎవరూ చెప్పడం లేదని, లేవకూడదు కాబట్టి పడుకునే, మూసిన కళ్ళలోపలే చదువుకుంటానని చెప్పింది. “పడమర ఎటురా?” అంది.

ఆ రోజుల్లో నేను సొంత దిక్సూచి జేబులో లేకుండా నడిచేవాణ్ణి కాదు. తీసి మంచం అంచున పెట్టాను. ముల్లు తిరిగి తిరిగి మంచం కోడును చూపించింది. ఇంకో చోట పెట్టాను, పక్క మంచాన్ని చూపించింది. ఇనుము మధ్య అది ఏం చేస్తుంది. జేజి ఎదురుచూస్తోంది. నేను డబ్బీ మూసి, మంచాల మధ్య ఎండపడే చోట నిలబడి, కళ్ళు మూసుకుని తిరిగాను. ముఖం మీద ఎండ జరిగింది. దేన్ని నమ్మకూడదని అన్ని నెలలు సాధన చేసి పరీక్ష పాసయ్యానో దాన్నే అడిగాను. కణత మీద, ఎడమ కన్ను చికిలించుకునే చోట అది నిలిచింది. జేజి చెయ్యి పట్టుకుని అటు చాపించాను. ఆమె వేళ్ళు కాసేపు అటే ఉంచి, తర్వాత గుండె మీద పెట్టుకుని చదువుకుంది. పక్క మంచాల మీది ముసలమ్మలు హిందువులు, వాళ్ళు కూడా అటు ఏముందోనని తలలు తిప్పబోతే నర్సు కేకలేసింది. తర్వాత విమానాల్లో ఎన్నో ఏళ్ళు ఎన్నో దిక్కులు పట్టాను, ప్రతిదాన్నీ ఇంకో పరికరంతో సరిచూసుకున్నాను. సరిచూసుకోనిది అదొక్కటే.

ఇప్పటి కథకు వస్తే, ఖాజా వెంట ఊరికి పోయి చూశాను. రెండు వర్గాలూ రెండు స్తంభాల దగ్గర నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు, ఒక్కో స్తంభానికీ చేతి వేళ్ళ లావు కమ్మీలు. ఫోనులో ఉన్నదీ దిక్సూచే, అది ఎవరి కమ్మీల వైపు వారికి లాగుతోంది. అందరినీ ఎదుటి మడిలోకి దూరంగా తీసుకుపోయి నిలబెట్టాను. బాణాలు అన్నీ ఒక్క వైపుకు తిరిగాయి, పాత పునాది గీత వైపుకు. నేను చేసింది మనుషులను ఇనుముకు దూరంగా నడిపించడమే. సాయంత్రానికి ఊళ్ళో కథ ఏమైందంటే, సారు పొలంలో నిలబడి చెయ్యి చాపితే ఫోన్లన్నీ అటు తిరిగాయట. ఈ కాలపు పిల్లలకు దిక్కు చెప్పే పెట్టె జేబులోనే ఉంది, ఎవరినీ అడగనక్కర లేదు. మంచిదే. పరికరాలు నమ్మడం నాకంటే ముందే నేర్చుకున్నారు. ఎప్పుడు నమ్మకూడదో కూడా నేర్చుకుంటారు, వాళ్ళకూ ఎవరో ఒక జేజి ఉంటుంది.

ఈ రాతలో పేరు చెప్పి నేను కృతజ్ఞతలు చెప్పుకోవలసినవాళ్ళు ఉన్నారు. నా తప్పులు రెండూ ఒకే చోట ఉన్నాయని కనిపెట్టిన వరదన్ గారికి. గ్లోబు దుమ్ము తుడిచిన సుబ్బరామయ్య గారికి. నాకోసం ఒక్కసారి విల్లు ఆపిన మా నాయన హుస్సేను సాహెబుకు, నూగు తీసి అన్నం పెట్టిన మా అమ్మ కాశింబీకి. వేళ దాటినా నన్ను వార్డులోంచి పంపించని నర్సు మరియమ్మ గారికి. నన్ను నిలబెట్టి రాయించిన ఖాజాకు, ఇది చదివాక కూడా అతను నమ్మడని తెలిసినా. అప్పుడూ పేరు చెప్పని, ఇప్పుడు నాకు తెలియని ఆ పరీక్షాధికారికి కూడా. చివరగా మా జేజి దస్తగిరమ్మకు. ఆమె అడిగిన ప్రతిసారీ పడమర ఎటని అడిగింది. నేను చూపించిన ఏ ఒక్కసారీ అది పడమర కాదు. ఇద్దరం ఎన్నడూ పొరపడలేదు.